ఎడమచేత్తో ఫోన్

స్టెల్లా,

పాప మా అమ్మ దగ్గర పడుకుంది. కుడిచేతి కట్టు చూసి భయపడకు, ఎముక కొంచెం చీలిందట. నొప్పి మందు రెండింటికి వెయ్యి, కొలత సీసా మీద రాశాను. "నొస్తాందా" అని అడగకు, లేదనే అంటుంది. ముఖం చూడు.

నిన్న పొద్దున మెట్ల మీద పడింది. "ఏడ్వకుంటే ఫోన్ ఇస్తా బిడ్డా" అన్నాను. వెంటనే ఆగింది. నొప్పి పోయిందనుకున్నాను. సాయంత్రం ఫోన్‌ను ఎడమచేత్తోనే తిప్పుతుంటే అనుమానం వచ్చింది. దవాఖానలో డాక్టర్ చెయ్యి పట్టుకోగానే పెదవి కొరుక్కుని, "డాడీ, ఏడిస్తే ఫోన్ గుంజుకుంటవా?" అంది.

నీకు ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు మరిపెడ నుంచి వచ్చేలోపే డోర్నకల్ డ్యూటీకి పోతున్నాను.

ఫ్రాన్సిస్

పాప ఏడిస్తే ఆపకు. ఏడవమని నేను బతిమాలినా ఇంకా ఏడవలేదు.