పదును చంపిన అంచులు

మామయ్యా,

మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. కోప్పడకు. ఎత్తితే నా గొంతు విని నీకు అన్నీ తెలిసిపోతాయి. అందుకే టైపు చేస్తున్నా. వర్క్‌షాప్ వెనకాల మెట్ల మీద కూర్చున్నా, మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి. తప్పులుంటే సర్దుకో. నాకు మాట్లాడడమే రాదు, రాయడం ఎక్కడొస్తుంది.

శుక్రవారం వచ్చేస్తున్నా. సంచి సర్దేశా. షెడ్డులో కిటికీ పక్కన నేను ఇనుము బిగించి పనిచేసే వైసు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే ఉంచు. అమ్మకి నేనే చెప్తా, నువ్వు ముందే చెప్పకు.

చదువు ఎక్కట్లేదు మామయ్యా. అయిదో తరగతితో బడి మానేసినవాడిని. ప్రైవేటుగా పరీక్షలు రాయించావు. పని తెలిసిన పిల్లలకి ఇంజనీరింగులో కొన్ని సీట్లు ఉంటాయని ఎక్కడో విని ఫారం నింపించావు. సీటు వచ్చిన రోజు లేతు మిషను ఆపేసి మరీ అందరికీ టీ తాగించావు. అదంతా గుర్తొస్తే ఇంకా సిగ్గేస్తోంది. ఇక్కడ లెక్కల క్లాసులో బోర్డు నిండా గుర్తులే. అందరూ తల ఊపుతారు. నేనూ ఊపుతా. ఊపీ ఊపీ మెడ నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

మొదటి సంవత్సరం వాళ్ళ కోసమని ఒక గది ఉంది. లెక్కల మేడం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అక్కడే కూర్చుంటుంది. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఎవరు ఏ డౌటు అడిగినా చెప్తుంది. ఆవిడ బల్లకి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. ఆ తలుపు ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఒకసారి ఆవిడ తలెత్తి, "రా నాన్నా" అంది. నేను నీళ్ళ కుళాయి కోసం వచ్చినట్టు నటించి, దాహం లేకపోయినా రెండు గ్లాసులు తాగి వెళ్ళిపోయా.

అంతే. ఇంకేం లేదు.

నీ నట్టు

*

మామయ్యా,

"ఎవడన్నా ఏమన్నా అన్నాడా, చెప్పు, వచ్చి మాట్లాడతా" అని మెసేజ్ పెట్టావు. ఎవరూ ఏమీ అనలేదు. నేనే చేశాను. నిన్న ఇంకేం లేదు అన్నది అబద్ధం.

ఇక్కడ మాకు వర్క్‌షాప్ క్లాసు ఉంది. అరవై మంది. మొదటి పని, మొరటు ఇనప ముక్కని ఆకురాయితో అరగదీసి నాలుగు పక్కలూ సరిగ్గా చదరం చెయ్యాలి. మూలమట్టం ఆనించి వెలుగుకి ఎత్తి చూస్తే సందు కనపడకూడదు. నువ్వు నాకు పన్నెండేళ్ళప్పుడు ఇచ్చిన పనే. ఇక్కడ పిల్లలు ఆకురాయి ఎప్పుడూ పట్టలేదు. పక్క వైసు దగ్గరుండే అమ్మాయి అయితే ఉయ్యాల ఊపినట్టు ఊపుతోంది. ముక్క మధ్యలో ఉబ్బిపోయి రొట్టెలా తయారైంది.

"నా మాట వినట్లేదు ఇది" అని ఆకురాయిని తిడుతోంది. "నీ మాటెలా వింటోంది? మందు పెట్టావా?"

చెప్పడం రాక ఆమె చేతిలోంచి ఆకురాయి తీసుకుని పావుగంటలో పూర్తిచేసి ఇచ్చేశా. కళ్ళు ఇంత చేసుకుని చూసింది. "ఏం కావాలి నీకు?" అంది. సంచిలోంచి లెక్కల హోంవర్కు కాగితం తీసి ఆమె ముందుకి జరిపా. నవ్వి, చేసిచ్చింది. దానికి పదికి తొమ్మిది వచ్చాయి.

మర్నాడు పొడుగోడు ఒకడు వచ్చాడు. "మౌనస్వామీ, నా ముక్కని కూడా కాస్త కటాక్షించు" అని దండం పెట్టాడు. క్లాసులో నా పేరు మౌనస్వామి. వాడి వెనక ఇంకొకడు. వర్క్‌షాప్ సార్ భోజనానికి వెళ్ళిన గంటలో వెనక వైసు దగ్గర నేను, ముందు వీళ్ళు. మొత్తం పదకొండు ముక్కలు. నాకు ఆరు వారాలు హోంవర్కు చెయ్యాల్సిన పనే పడలేదు. నిజం చెప్పనా? ఆ గంట నాకు బాగుండేది. రోజంతా అందరికంటే మొద్దుని. ఆ ఒక్క గంట వాళ్ళు నా చేతుల వంక చూసేవాళ్ళు.

రెండో పని మందపాటి రేకు కొయ్యడం. అది ఎవరిది వాళ్ళే చెయ్యాలి, సార్ ఎదురుగా. ఆ అమ్మాయి రంపంతో కోసి, ఇనప పొడి దులపడానికి అరచేత్తో అంచుని ఇటు నుంచి అటు తుడిచింది. అంతే. రేకు మీద రక్తం బొటబొటా. సార్ తన జేబురుమాలు తీసి కట్టాడు. మూడు కుట్లు పడ్డాయి.

కట్టు కడుతూ సార్ అడిగాడు. "కోసిన అంచు కత్తిలా ఉంటుంది కదమ్మా. ముందు ఆకురాయితో పదును చంపాలి. మొదటి ముక్కకి ఎంత చక్కగా చంపావు! ఇప్పుడు ఎలా మర్చిపోయావు?"

ఆమె కట్టు వంకే చూస్తోంది. నా వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే కాస్త నయంగా ఉండేది.

పని ఎవరి చేతికి ఇస్తున్నా ముందు అంచు పదును చంపి ఇవ్వాలని నువ్వే నేర్పావు. "తీసుకునేవాడి చెయ్యి తెగితే మన పని పనే కాదురా" అని ఆకురాయి వెనక్కి తిప్పి నా వేళ్ళ మీద కొట్టి మరీ. అలవాటుగా అన్నిటికీ చంపి ఇచ్చాను. అలా చెయ్యాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సార్‌కి అప్పుడే అనుమానం వచ్చింది. మర్నాడు అరవై ముక్కలున్న పెట్టె బల్ల మీద పోసి, ఒక్కొక్క అంచు మీదా బొటనవేలు రాస్తూ వెళ్ళాడు. పన్నెండు పక్కన పెట్టాడు. "ఈ పన్నెండూ ఒక్క చెయ్యే. శుక్రవారం క్లాసు దాకా చూస్తా. ఆ చెయ్యి గలవాడు లేచి చెప్పాలి. లేదంటే పన్నెండుకీ సున్నా. వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి."

నేను పదకొండని చెప్తే సార్ పన్నెండు అంటున్నాడేంటని అడుగుతావు. పన్నెండోది నాది. దాని సంగతి ఇప్పుడు రాయలేను.

నట్టు

*

మామయ్యా,

నువ్వు చదివినట్టు ఫోన్‌లో గుర్తు పడింది. జవాబు రాలేదు. నీ వేళ్ళు లావు, టైపు చెయ్యడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుందని తెలుసు. అయినా ప్రతి అయిదు నిమిషాలకీ ఫోన్ తీసి చూస్తున్నా.

పన్నెండోదాని సంగతి చెప్పేస్తా. చెప్పకపోతే ఈ అన్నం దిగదు. కాంటీన్‌లో పళ్ళెం ముందు పెట్టుకుని టైపు చేస్తున్నా.

ముక్కలు ఇచ్చే రోజు నా ముక్క కూడా చక్కగా వచ్చింది. వెలుగుకి ఎత్తితే వెంట్రుక సందు లేదు. అప్పుడు భయమేసింది. ఇంత బాగా ఉంటే వీడికి పని ముందే వచ్చని సార్ పట్టేస్తాడు, అప్పుడు మిగతా పదకొండూ బయటపడతాయి. అందుకని మళ్ళీ వైసులో బిగించి, ఒక పక్కని కావాలని వంకరగా అరగదీశా. నీ దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్న చేత్తో, తెలిసి తెలిసి. ఆకురాయి కూడా ఎదురు తిరుగుతున్నట్టు కీచుమంది. సార్ దానికి పదికి నాలుగిచ్చాడు. ఆ వంకర ముక్కకి కూడా, చూడు నా తెలివి, చివర్లో అంచులు పదును చంపి ఇచ్చా. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఇంకొకటి ఉంది. ఇది రాస్తే నువ్వు నాతో మాట్లాడవేమో.

మొదటి రోజు అందరూ లేచి ఎక్కడ చదివారో, ఇంట్లో వాళ్ళు ఏం చేస్తారో చెప్పమన్నారు. ఒకడి నాన్న డాక్టరు, ఒకమ్మాయి వాళ్ళమ్మ బ్యాంకులో మేనేజరు. నా వంతు వచ్చింది. "మా మామయ్యకి ఫ్యాక్టరీ ఉంది" అన్నా. రేకుల షెడ్డు, రెండు లేతులు, వాన పడితే బకెట్ పెట్టే చోటు. దాన్ని ఫ్యాక్టరీ చేసేశా. తర్వాత పొడుగోడు పని ఎక్కడ నేర్చుకున్నావంటే, ఫోన్లో వీడియోలు చూసి అన్నాను. నీ పేరెత్తడానికి నాకు నామోషీ అయింది మామయ్యా. నన్ను ఇక్కడికి పంపినవాడివి నువ్వు. నిన్నే దాచేశా.

నేను వెళ్ళిపోతే ఆ చెయ్యి నాదే అని వాళ్ళకి తెలిసిపోతుంది. మిగతావాళ్ళని వదిలేస్తారేమో. నోరు విప్పాల్సిన పనీ ఉండదు. రేపు పదింటి బస్సు. క్లాసు పదకొండింటికి.

నీకు మొహం ఎలా చూపించాలో తెలీట్లేదు. షెడ్డు వెనక గేటు నుంచి వస్తా.

నట్టు

*

మామయ్యా,

పదింటి బస్సు ఎక్కలేదు.

నువ్వు పెట్టింది పొద్దున ఎనిమిదింటికి చూశా. "వెనక గేటుకి తాళం వేశా. ముందు నుంచి రా. అందరూ చూసేలా రా." అంతే రాశావు. తిట్టావో, రమ్మన్నావో అర్థం కాలేదు. పదిసార్లు చదివా. సంచి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళా. అక్కడ ఆ అమ్మాయి ఎదురొచ్చింది, చేతికి కట్టుతో. సంచి చూసింది.

"పారిపోతున్నావా?"

తల ఊపాను.

"బాగుంది. నా చెయ్యి కోసి నువ్వు ఊరెళ్ళు." కోపంగా అనలేదు, అదే కష్టం. "సున్నా వేస్తే వేయనీ. మళ్ళీ మొదటి నుంచి అంటే నాకు ఆకురాయి పట్టడం ఎవడు నేర్పుతాడు? ఆ పొడుగోడా?"

"నా వల్లే..." అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"ఓహో, మౌనస్వామికి నోరుందే! నీ హోంవర్కు నేనే చేశాగా. పరీక్షలో నీకెన్ని వచ్చాయి?"

"రెండు."

"ఇరవైకా?"

"యాభైకి."

నవ్వబోయి ఆపుకుంది. తర్వాత తనే తల దించుకుంది.

క్లాసుకి వెళ్ళా. సార్ పన్నెండు ముక్కలూ వరసగా పెట్టాడు. "ఎవరు చేశారు?" అని అడుగుతాడనుకుని దానికి జవాబు దారి పొడుగునా వల్లె వేసుకున్నా. ఆయన అది అడగలేదు. నా వంకర ముక్క చేతిలోకి తీసుకుని, "పని రానివాడు చేస్తే గుండ్రంగా పోతుంది. ఇది వంకరే కానీ అద్దంలా చదునుగా ఉంది. ఇలా తప్పు చెయ్యాలంటే చెయ్యి బాగా తిరిగి ఉండాలి" అన్నాడు. ముక్కని బల్ల మీద పెట్టాడు. "నాకు ఒక్కటే కావాలి. అంచు పదును చంపడం ఈ పిల్లాడికి ఎవరు నేర్పారు?"

లేచా.

"మా మామయ్య సార్. ఫ్యాక్టరీ కాదు. లేతు షెడ్డు. నేను అక్కడే ఆరేళ్ళు పనిచేశా. పన్నెండూ నేనే చేశా. నాది నేనే చెడగొట్టా."

నా జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు. వెనక నుంచి పొడుగోడు కూడా లేచాడు. "చెయ్యమని వెంటపడింది మేమే సార్" అన్నాడు. వాడితో పాటు ఒక్కొక్కరే పదకొండు మందీ లేచారు.

సార్ మెచ్చుకోలేదు, తిట్టలేదు. పన్నెండుకీ సున్నా వేశాడు. వచ్చే ఏడు కాదు, ఈ నెలాఖరుకే అందరం కొత్త ముక్కలు చెయ్యాలి. నేను వాళ్ళ పక్కన నిలబడి నేర్పాలి, చేతులు వెనక్కి కట్టుకుని. వాళ్ళ ఆకురాయి ముట్టుకుంటే నాకు మళ్ళీ సున్నా. ఇంకా ఒకటి అన్నాడు. "నాలుగింటికి లెక్కల మేడం గదికి పో. కుళాయి దగ్గరికి కాదు." కుళాయి సంగతి ఆయనకెలా తెలుసో! నా పరువు అన్ని గదుల్లోనూ పోయినట్టుంది.

పోయా. ఖాళీ కుర్చీలో కూర్చున్నా. "ఎక్కడి నుంచి అర్థం కాలేదు నాన్నా?" అంది మేడం. మొదటి నుంచి అన్నా. ఆవిడ నవ్వలేదు. కాగితం తిప్పి కొత్తగా మొదటి నుంచే మొదలుపెట్టింది.

సిగ్గు పోలేదు మామయ్యా. క్లాసులోకి అడుగుపెడితే చెవులు వేడెక్కుతున్నాయి. నీ సంగతి గుర్తొస్తే ఇంకా ఎక్కువ. కానీ ఇప్పుడది అందరికీ తెలిసిన సిగ్గు.

సంచి విప్పేశా.

నీ నట్టు

*

మామయ్యా,

ఇవాళ ముక్కలు ఇచ్చే రోజు. చేతులు వెనక కట్టుకుని నిలబడడం ఎంత కష్టమో నీకే తెలుసు. ఆరేళ్ళు నా వెనక నువ్వు ఎలా నిలబడ్డావో ఇప్పుడు అర్థమైంది. పొడుగోడు ఒక పక్క సరిచేసి ఇంకో పక్క పాడుచేస్తాడు. నోట్లో మాట ఆగట్లేదు నాకు. "మోచెయ్యి, మోచెయ్యి!" అని అరుస్తున్నానట. మౌనస్వామి పేరు తీసేసి మైకు అని పెట్టారు.

పక్క వైసు అమ్మాయి కట్టు విప్పారు. ఆమె ముక్క చివరిదాకా సరిగ్గా రాలేదు. మూలమట్టం పెడితే సందులోంచి వెలుగు బాగానే వస్తోంది. మధ్యలో ఇంకా కాస్త ఉబ్బు ఉంది. సార్‌కి ఇచ్చేముందు నా చేతికి ఇచ్చి, "ఏమీ అనకు, పట్టుకో చాలు" అంది.

పట్టుకున్నా. నాలుగు అంచుల మీదా బొటనవేలు గట్టిగా నొక్కి రాశాను. ఎక్కడా గుచ్చుకోలేదు. ఆమెకి నేను గుర్తుచెయ్యలేదు మామయ్యా, ఒట్టు.

కిటికీ పక్కన వైసు ఎవరికైనా ఇచ్చెయ్యి. సెలవులకి ముందు గేటు నుంచే వస్తా. పొడుగోడూ, ఆ అమ్మాయీ ఫ్యాక్టరీ చూస్తామంటున్నారు. వాన పడితే బకెట్ మాత్రం తియ్యకు, అక్కడే ఉంచు.

నీ దగ్గర పని నేర్చుకున్న,
నట్టు