నది దాటడానికి చోటు

డార్మ్‌స్టాట్, శుక్రవారం

ప్రియమైన శశీ,

మ్యూనిక్‌లో నీ ప్రాజెక్టు సంగతి అడగను. ఫోన్లో మొదలుపెడితే నువ్వు "చూద్దాంలే" అంటావు, నేను గొంతు పెంచుతాను, పాప రిషిత ఏడుస్తుంది. అందుకే ఈ కాగితం.

పాపకి కీటా డేకేర్‌లో సీటు దొరికేదాకా ఒక్క ఏడాది నా పీహెచ్‌డీ ఆపమన్నావు. సరేనని నవ్వాను. అది అబద్ధపు నవ్వు శశీ. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

నేను రాస్తున్న అధ్యాయం నీకు తెలుసుగా, పదహారు వందల ఏళ్ళ కిందటి చైనా యుద్ధం. ఉత్తరాది రాజు ఫూ జియన్ దక్షిణం మీదికి దండెత్తుతానంటే సభంతా వద్దంది, సొంత తమ్ముడితో సహా. "ప్రభువులే తేల్చుకోండి" అన్న ఒక్క సేనాపతికి మాత్రం పట్టుబట్టలు బహుమానం. మన ఇంటి సభలోనూ అంతే! నేను మొదట నసిగాను. అన్నిటికీ జర్మన్‌లో నైన్, వద్దు, అనే రిషిత దీనికీ నైన్ అంది. "నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల చెయ్యి బిడ్డా" అన్న అత్తయ్య మాటే నీకు నచ్చింది.

చివరికి రెండు సేనలూ ఫే నదికి చెరో ఒడ్డున నిలిచాయి. అవతలి ఒడ్డున దక్షిణాదివాళ్ళది చిన్న సేన. "కొంచెం వెనక్కి జరగండి, మేం దాటొచ్చాక పోరాడదాం" అని కబురు పెట్టారు. రాజు సరేనన్నాడు. అంత పెద్ద సైన్యం కొంచెమే జరగబోయింది. వెనకున్నవాళ్ళకి ఎందుకో తెలియదు. "ఓడిపోయాం!" అని ఎవరో అరిచారు. పరుగందుకున్న సైన్యంలో ఇక ఎవరూ ఆగలేదు.

కొంచెం జరిగితే నేనూ ఆగలేను. ఏడాది అంటే ఏడాదితో పోదు. అందుకే వచ్చే గురువారం ప్రొఫెసర్‌ని కలిసే టెర్మిన్ ఉందిగా, విరామం అడగను. మొత్తానికే మానేస్తున్నానని చెప్పేస్తాను. మెల్లమెల్లగా జారిపోయేకంటే అదే నయం. నీమీద కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

నీ
గీతిక

మ్యూనిక్, సోమవారం

గీతూ,

ఉత్తరం చదివి నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. వేసవి నుంచి ఎల్టర్న్‌ట్సైట్ కావాలన్నాను, పాప కోసం ఏడాది సెలవు. "మీకా, మీ భార్యకా?" అని రెండుసార్లు అడిగాడు. అమ్మకి ఫోన్ చేస్తే "మొగోడివి, పిల్లని పట్టుకొని ఇంట్ల కూసుంటవారా?" అంది. ఈసారి ఆవిడ మాట నచ్చలేదు.

నిన్ను ఎందుకు జరగమన్నానో నాకు నేనే చెప్పుకోలేదు. భయం. ఏడాది కనపడకపోతే ఆఫీసులో నన్ను మరిచిపోతారని. ఆ భయం ఇప్పుడూ ఉంది.

గురువారం వెళ్ళు, కానీ ఏమీ మానేయకు. ఒడ్డు నుంచి కొంచెం వెనక్కి జరిగింది నేను. ఓడిపోయామని ఎవరన్నా అరిస్తే వినపడనట్టు ఉంటాను. నువ్వు దాటు.

నీ
శశికాంత్