కలీం చెప్పిన జవాబు

హైదరాబాదు,
జూలై, ఆదివారం

ప్రియమైన అక్కకు,

కలీం సలాములు. క్షేమంగా చేరాను. షఫీ గదిలో దిగాను. షఫీ అంటే నాతోపాటు విమానం నడపడం నేర్చుకున్న కర్నూలు పిల్లోడు. వాడికీ నాలాగే లైసెన్సు ఉంది, ఉద్యోగం లేదు.

ఫోన్ చేయమన్నావు. చేస్తే నీ చుట్టూ మీ అత్త, మామ, పక్కింటివాళ్లు. మనసులో మాట ఒక్కటీ బయటికి రాదు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకున్నట్టే రాసుకుందాం. నువ్వు రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

లైసెన్సు చేతికొస్తే విమానం ఎక్కి కూర్చోవడమే అని మన ప్రొద్దుటూరులో అందరూ అనుకుంటున్నారు. ఎదురుపడిన ప్రతివాడూ "ఏమప్పా, ఎప్పుడు తోల్తాండావు?" అంటాడు, నేనేదో లారీ కొన్నట్టు. అసలు కష్టం ఇప్పుడు మొదలైంది. విమాన కంపెనీ మొదట ఆప్టిట్యూడ్ పరీక్ష పెడుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక చుక్క పారిపోతుంటుంది. చేతిలోని కడ్డీతో దాన్ని నడిమి గీతల్లో నిలబెట్టాలి. అదే సమయంలో చెవిలో ఒక గొంతు అంకెలు చదువుతుంటుంది. ముందు విన్న అంకె మళ్లీ వస్తే బొత్తాం నొక్కాలి. తెర మూలన కూడికలు, భాగహారాలు వస్తుంటాయి. చుక్కను పట్టుకుంటే అంకెలు జారిపోతాయి, అంకెలను పట్టుకుంటే చుక్క జారిపోతుంది. షఫీకి అలవాటైంది. నాకింకా కాలేదు. నువ్వు లెక్కల టీచరువి గదా, నోటిలెక్కలు కొన్ని రాసి పంపు.

ఇంకొక మాట. పోయిన రంజాన్‌లో జమ్మలమడుగు బస్టాండులో నేను స్పృహ తప్పి పడిపోయిన సంగతి నీకు, అమ్మకు, దిల్షాద్‌బీ చిన్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. రోజా ఉన్నాను, ఎండ మండిపోతోంది, అంతకుముందు సరిగా నిద్ర లేదు. అంతే. కానీ కంపెనీవాళ్లు 'ఎప్పుడైనా స్పృహ తప్పిందా' అని కాగితం మీదే అడుగుతారట. ఔనంటే గుండెకు, మెదడుకు పరీక్షలంటూ పక్కన పెట్టేస్తారు. నేను లేదనే రాయబోతున్నాను. ఈ విషయం బావకు కూడా చెప్పొద్దు.

నీ తమ్ముడు,
కలీం


పులివెందుల,
జూలై ఆఖరు

ప్రియమైన కలీంకు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం చూసి అల్ఫియా ఎగిరింది. మామ విమానంలోంచి రాశాడా అని అడిగింది. గదిలోంచే రాశాడు, ఇంకా కొన్నాళ్లు ఆగాలి అని చెప్పాను.

లెక్కలు అడిగావు. కాగితం ముట్టుకోకుండా చెప్పు. ముద్దనూరు నుంచి పులివెందులకు నలభై కిలోమీటర్లు అనుకో, బస్సు గంటకు అరవై పోతుంది, ఎంతసేపట్లో చేరుతుంది? ఈ లెక్క అల్ఫియాను అడిగితే, అది నా మొహం చూసి, "మన బస్సు అట్ల పోదు గదమ్మా, మధ్యలో అందరికీ నిలబెడతాది" అంది. నీ పరీక్షలో అట్లా రాయకు. ఇంకొకటి. పన్నెండు వేల అడుగుల ఎత్తులో ఉన్నావు, నిమిషానికి ఎనిమిది వందల అడుగులు దిగుతున్నావు, నేలకు ఎంతసేపట్లో వస్తావు? ఇట్లాంటివి విడిగా రెండు పేజీలు రాసి పెట్టాను. షఫీని చదవమని చెప్పి, నువ్వు చుక్కను పట్టుకుంటూ జవాబు చెప్పు. రెండు పనులూ కలిపి చేస్తేనే అలవాటవుతుంది.

అమ్మతో నిన్న మాట్లాడాను. నీకోసం దర్గాలో మొక్కుకుందట. నాయన కువైట్ నుంచి ఫోన్ చేసి నీ పరీక్ష ఎప్పుడని అడిగాడట. నీ చదువు అయ్యేదాకా రానని పట్టుబట్టి అక్కడే ఉండిపోయిన మనిషి. నీకు ఉద్యోగం వచ్చిందని చెప్పిన మరునాడే బయలుదేరుతాడని అమ్మ ఆశ.

జమ్మలమడుగు సంగతి. ఆ రోజు నీ తల నా ఒడిలో ఉంది. చిన్నమ్మ మొహం మీద నీళ్లు చల్లుతుంటే నేను నీ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. నీకు అది తెలియదు, నాకు తెలుసు. ఎండ వల్లే అయ్యుండొచ్చు. కానీ ఆ తర్వాత మంచి డాక్టరుకు ఒకసారైనా చూపించుకున్నావా? కోప్పడకు, అడుగుతున్నానంతే. నేనెవరికీ చెప్పను.

నీ అక్క,
ఇష్రత్


హైదరాబాదు,
ఆగస్టు

ప్రియమైన అక్కకు,

ఆప్టిట్యూడ్ పాసయ్యాను. ఈ వాక్యం నీకే మొదట రాస్తున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే ఏడుపు తప్ప మాట ఉండదు. షఫీ తప్పాడు. నాలుగు మార్కులు తగ్గాయి. నాకు అన్నం వడ్డించి తాను తినకుండా పడుకున్నాడు. గెలిచిన సంతోషం వాడి ముందు చూపించలేక వరండాలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ లెక్కలు పనికొచ్చాయి. చెవిలో అంకెలు వింటూ కూడికలు చేస్తుంటే, నువ్వు పక్కన కూర్చుని కసురుతున్నట్టే ఉండింది. చుక్క రెండుసార్లు గీత దాటింది, అయినా తిరిగి పట్టుకున్నాను.

ఇక ఇంటర్వ్యూ. ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో. ముందు అందరినీ కూర్చోబెట్టి ఏదో ఒక విషయం మీద మాట్లాడిస్తారు, తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తారు. ఇక్కడ మాకు నేర్పే సారు రోజూ ప్రశ్నలు అడుగుతున్నాడు. ఇంజన్ ఆగిపోతే ఏం చేస్తావు, మబ్బులో చిక్కుకుంటే ఏం చేస్తావు. వాటికి జవాబులు వచ్చాయి. "నీ గురించి చెప్పు" అంటేనే తడబడుతున్నాను. మా నాయన కువైట్‌లో డ్రైవరు అని ఇంగ్లీషులో చెప్పడం మూడుసార్లు ప్రాక్టీసు చేశాను.

డాక్టరుకు చూపించుకున్నావా అని అడిగావు. చూపించుకోలేదు. చూపించుకుంటే అది కాగితం మీదకు ఎక్కుతుంది. అక్కా, మళ్లీ ఆ మాట ఎత్తొద్దు. ఎత్తితే నా గుండె అదురుతుంది, ఆ అదురు ఇంటర్వ్యూలో మొహం మీద కనిపిస్తుంది. చిన్నమ్మ జమ్మలమడుగులో ఎవరి దగ్గరైనా నోరు జారుతుందేమో, నువ్వే ఒకసారి గట్టిగా చెప్పు.

వచ్చేవారం బయలుదేరుతున్నాను. దువా చేయి.

నీ కలీం


పులివెందుల,
ఆగస్టు

ప్రియమైన తమ్ముడా,

నువ్వు ఎత్తొద్దన్న మాటే ఎత్తుతున్నాను. చదివి చించి పారేసినా సరే.

నిన్న మీ బావ తుమ్మలపల్లె యురేనియం మిల్లు నుంచి ఆలస్యంగా వచ్చాడు. వాళ్ల షిఫ్టులో ఒకతనికి కళ్లు తిరుగుతున్నాయట. పని పోతుందన్న భయంతో పైవాళ్లకు చెప్పకుండా మెట్లెక్కి, సగంలో చతికిలబడ్డాడట. పక్కవాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మీ బావ అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అన్నాడు. "వాడు పడుంటే వాడొక్కడే పడేటోడు గాదు, కింద మేం ముగ్గురం ఉండాం." నేను ఆయనకు నీ సంగతి చెప్పలేదు.

కలీం, నీ వెనక కూర్చునే వాళ్లెవరో నీకు తెలియదు. వాళ్లలో ఎవరో ఒకరి అల్ఫియా ఉంటుంది. నీకేమీ లేదని నా మనసు కూడా చెబుతోంది. ఏమీ లేకపోతే పరీక్షల్లో అదే తేలుతుంది గదా. వాళ్లు అడిగితే చెప్పు. అడక్కపోయినా చెప్పు. నాయన ఇంకో ఏడాది అక్కడ ఉండాల్సి వస్తే ఉంటాడు.

నీ చేతిలోని అన్నం ముద్ద తీసి పారేస్తున్నట్టుంది నాకు ఇది రాస్తుంటే. అయినా రాయకుండా ఉండలేకపోయాను. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, నువ్వు బయలుదేరే లోపల అందాలి.

నీ అక్క,
ఇష్రత్


పులివెందుల,
డిసెంబరు

ప్రియమైన కలీంకు,

నువ్వు జవాబు రాయలేదు. రాస్తావని చూశాను, ఇక చూడను. నేనే రాస్తున్నాను.

జరిగిందంతా అమ్మ ద్వారానే తెలిసింది. నువ్వు ఇంటర్వ్యూలో చెప్పేశావనీ, వాళ్లు గుండె డాక్టరు దగ్గరికీ నరాల డాక్టరు దగ్గరికీ పంపారనీ, నెలల తరబడి తిరిగావనీ. చివరికి నీకు ఏ జబ్బూ లేదని, అది ఉపవాసం, ఎండ వల్ల వచ్చిందేనని రాసిచ్చారనీ. ఆ కాగితం పట్టుకుని పోయేసరికి బ్యాచ్ నిండిపోయింది, ఇక ఇప్పట్లో ఎవరినీ తీసుకోవడం లేదు అన్నారనీ. నీతోపాటు ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు ఇప్పుడు యూనిఫాం వేసుకుని శిక్షణలో ఉన్నారట.

నువ్వు 'లేదు' అని రాసి ఉంటే నువ్వూ అక్కడే ఉండేవాడివి. ఏ తప్పూ జరిగేది కాదు, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఈ మాట నా తలలో తిరుగుతూనే ఉంది. క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తూ మధ్యలో ఆగిపోతున్నాను. పిల్లలు టీచర్, టీచర్ అని పిలుస్తున్నారు.

అమ్మకు నేనే చెప్పాను, చెప్పమని నీకు రాసింది నేనేనని. దాచుకోలేకపోయాను. బక్రీదుకు ఎంత బాగా మాట్లాడిందో, ఇప్పుడు నా ఫోను తీయడం లేదు. పోయిన నెల నేను ప్రొద్దుటూరు వచ్చినప్పుడు నువ్వూ ఇంట్లోనే ఉన్నావు, నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ చుట్టాల ముందు అంది, "సొంత అక్కే వాని నోటికాడి కూడు తీసె. ఇంగ బయటోళ్లను ఏమనుకోవాల" అని. నేను నీ వైపు చూశాను. నువ్వు తల దించుకుని చెప్పులేసుకుని బయటికి పోయావు. నేను నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాను. జమ్మలమడుగులో బస్సు ఆగినప్పుడు ఆ బస్టాండు వైపు చూడలేకపోయాను.

నిన్ను క్షమించమని అడగడం కాదు. మళ్లీ ఆ ఆగస్టే వస్తే అదే ఉత్తరం రాస్తానో లేదో కూడా నాకు తెలియడం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నువ్వు ఒక్కసారి నాతో మాట్లాడితే చాలు.

అక్క


ప్రొద్దుటూరు,
జనవరి

ప్రియమైన అక్కా,

నీ డిసెంబరు ఉత్తరం చదివి ఎన్నో రోజులైంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ చేయి ఆగిపోయింది. ఈరోజు రాసి తీరాలి.

నువ్వు ఆగస్టులో రాసిన ఉత్తరం నాకు సమయానికి అందలేదు. నాకు గుర్గావ్‌లో తెలిసిన మనిషి లేడని, రైలు ఆలస్యమైతే కష్టమని రెండు రోజులు ముందే బయలుదేరాను. నీ ఉత్తరం హైదరాబాదుకు వస్తే షఫీ తీసి పెట్టాడు. తిరిగొచ్చాక ఇచ్చాడు. అప్పటికి అంతా అయిపోయింది.

ఆ రోజు ఏం జరిగిందో విను. పొద్దున కాగితం ఇచ్చారు. స్పృహ తప్పిందా అన్నచోట 'లేదు' అని రాశాను. లోపల ముగ్గురున్నారు. నడిమిన ఒక మేడమ్, పెద్ద కెప్టెన్, మన అమ్మ వయసుంటుంది. నాయన సంగతి అడిగింది, డ్రైవరని చెప్పాను. చాలా మంచి పని, మనమూ అదే చేస్తాం అని నవ్వింది. నాకు భయం పోయింది. అన్నిటికీ బాగానే చెబుతున్నాను. అప్పుడు అడిగింది, నీ పక్క సీట్లో ఉన్న పైలట్ ఒంట్లో బాగాలేని సంగతి దాస్తున్నాడని నీకు తెలిస్తే ఏం చేస్తావు అని.

ఈ ప్రశ్నకు జవాబు నాకు కంఠతా వచ్చు. సారు ఇరవైసార్లు చెప్పించాడు. మొదట అతనితో మాట్లాడతాను, వినకపోతే పైవాళ్లకు తెలియజేస్తాను, విమానం కదలనివ్వను అని మొదలుపెట్టాను. సగంలో నా మాటలు నాకే వినిపించాయి. ఆగిపోయాను. ఏమైంది అని ఆమె అడిగింది. "మేడమ్, నేనే ఒకటి దాస్తున్నాను" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది. జమ్మలమడుగు సంగతి మొత్తం చెప్పాను. ఆమె పొద్దున నేను రాసిన కాగితం వెతికి నా ముందుకు జరిపి, కొట్టేసి సరిగా రాసి సంతకం పెట్టమంది. పెట్టాను.

కాబట్టి నా ఉద్యోగం నువ్వు తీయలేదు. నీ మాట నా దగ్గరికి రానేలేదు. నా నోరే చెప్పింది.

మరి నీకు ఎందుకు రాయలేదు? హైదరాబాదులో నీ ఉత్తరం చదివినప్పుడు మొదట కోపం వచ్చింది, నేను దాచేస్తానని అక్క అనుకుందే అని. దాచబోయింది నిజమే గదా అని తర్వాత తోచింది. డాక్టర్ల చుట్టూ తిరిగి, చివరికి జబ్బేమీ లేదు, ఉద్యోగమూ లేదు అని తేలిన రోజు, ఎవరినో ఒకరిని అనాలనిపించింది. ఆ మేడమ్‌ను అనలేను. నన్ను నేను అనుకుంటే లేచి నిలబడలేను. ఆ సమయంలో అమ్మ నిన్ను అంది. నాకు బరువు దిగినట్టయింది. అందుకే చెప్పులేసుకుని బయటికి పోయాను. మార్కెట్ వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చేసరికి నువ్వు వెళ్లిపోయావు. నీకు పెట్టిన నీళ్ల గ్లాసు అట్లే ఉంది.

ఉద్యోగం పోయినందుకు బాధ లేదని చెప్పను. ఉంది. పొద్దున లేస్తూనే ఉంటుంది. చెప్పకుండా ఉంటే బాగుండేదా అని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. మళ్లీ ప్రకటన పడితే రాస్తాను. పడకపోనూ వచ్చు. ఇక్కడి కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెబుతున్నాను. నాయనకు నేనే ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, అన్నం తిన్నావా అని అడిగాడు.

ఈ పొద్దున అమ్మకు అంతా చెప్పాను. శనగకాయలు ఒలుస్తోంది. చాట పక్కన పెట్టి నా మొహమే చూసింది.

"అది రాసిన జాబు నీకు అందనే ల్యాదా?"

"అందల్యా మా."

"మరి నేను దాన్ని అన్ని మాట్లు అంటాంటే నువ్వు యాడ చచ్చినావురా?"

అమ్మ లేచి మొహం కడుక్కుని బురఖా వేసుకుంది. యాడికని అడిగితే, "పులివెందలకు. నా బిడ్డ నీళ్లు గూడా తాగకుండా పాయె" అంది. రెండు గంటల బస్సుకు ఇంకా సమయముంది, అందాక ఆగమని కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. పోస్టులో వేయను, ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. నేనూ వస్తానంటే వద్దంది. ముందు తాను మాట్లాడుకోవాలట, నన్ను తర్వాత రమ్మంది.

ఆమె గుమ్మంలో నిలబడగానే ఏమీ మాట్లాడించకు అక్కా. ముందు కూర్చోబెట్టు.

నీ తమ్ముడు,
కలీం