కోల్డ్‌స్టోరు తలుపును పెద్ద మెషిన్ నుండి విడిపించు విషయమై

మనామా, బహ్రెయిన్,
ఆగస్టు 1998

పరిపాలనాధికారి జగ్గారావు గారి సముఖమునకు, కంప్యూటర్ ఆపరేటర్ లోవరాజు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సదరు తలుపు పగులగొట్టినందుకు నాకిచ్చిన మెమో రద్దు కోరుట.

1. మన మాంసం కంపెనీలో మెయిల్‌కు, ప్రింటింగుకు, తలుపులు తెరిచే కార్డులకు వేర్వేరు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి చెడితే ఒకటే చెడేది. అది పాత పద్ధతని తమరు సెలవిచ్చి, అన్నిటినీ ఒకే పెద్ద మెషిన్ కడుపులో పెట్టించితిరి. మెషిన్ గట్టిదే, కాదనను. అయితే ఫైళ్ళన్నిటికీ నకలు, అంటే పూర్తి బ్యాకప్, తీయాలంటే దాన్ని నిలపాలి. అది నిలిస్తే లోపలివన్నీ నిలుస్తాయి. మళ్ళీ పెద్దది లేచాకే చిన్నవి లేస్తాయి. ఈ సంగతి ముందే విన్నవించగా, నాకు దూరదృష్టి లేదంటిరి. నాకు కనపడిన దూరం కోల్డ్‌స్టోరు వరకే.

2. దొంగతనాలు ఆగుతాయని కోల్డ్‌స్టోరు లోపలి గొళ్ళెం తీయించినదీ తమరే. గత శుక్రవారం నేను బ్యాకప్‌లో ఉండగా జుఫైర్ హోటళ్ళకు సరుకు తీసుకెళ్ళే డ్రైవర్ షఫీఖ్ పరుగున వచ్చాడు.

"భాయ్, దేవన్న లోపలున్నడు. కార్డు పని చేస్తలేదు. తలుపు కొడుతుండు."

కోల్డ్‌స్టోరులో సరుకు సర్దే దేవన్న లోపల చిక్కుకున్నాడని వెంటనే తమరికి ఫోన్ చేశాను. తమరు, "కోటు వేసుకునే ఉంటాడు కదయ్యా, బ్యాకప్ పూర్తి కానీ" అన్నారు.

బ్యాకప్ మధ్యలో ఆపినా మెషిన్ లేచేసరికి ఆలస్యమే. అందుకని షఫీఖ్, నేను వ్యాను జాకీ రాడ్డుతో తలుపు పెకలించాము. మేము వెళ్ళేసరికి లోపల చప్పుడు ఆగిపోయి ఉంది. అంతకంటే వ్రాయలేను. దేవన్నను మోసుకొచ్చి ఎండలో కూర్చోబెట్టాము. ముట్టుకుంటే కాలే ఇసుకలో కూర్చుని వణికాడు. మాట వచ్చాక భార్య సంగతే ఎత్తాడు.

"ఇంట్ల చెప్పకు అన్నా. కళ భయపడ్తది."

అతని వేళ్ళకు ఇంకా స్పర్శ రాలేదు.

3. బ్యాకప్ విజయవంతమైనదని తమరు మన వీసాల యజమాని కఫీల్ గారికి తెలియజేసి, నాకు మెమో ఇచ్చితిరి. తలుపు మీద కలిగిన జాలి మెమో నిండా ఉంది. దేవన్న పేరు ఎక్కడా లేదు. పోయిన ఫైలుకు నకలుంటుంది అయ్యా, మనిషికి ఉండదు.

కావున తలుపులకు వేరే కంప్యూటరు, లోపల గొళ్ళెం ఏర్పాటు చేసి, మెమో రద్దు చేయవలెనని, ఈ సంగతులు చల్లగా చిత్తగించవలెనని ప్రార్థన.

నేటివరకు తమ విధేయుడు,
లోవరాజు

తా.క.: కొత్త తలుపును కూడా పెద్ద మెషిన్‌కే కలుపుతారని విన్నాము. దాన్ని పరీక్షించడానికి మొదట తమరే లోపలికి దయచేయాలని దేవన్న, షఫీఖ్ కోరిక. కోటు మేమే ఇస్తాము. బ్యాకప్ నేను చూసుకుంటాను.