కరణి డబ్బాలో పదకొండు మాత్రలు

సెబతీ, నేను కటక్ బస్సుకి పోతున్నాను. పొఖాళ చద్దన్నం కుండలో ఉంది, ముందు తిను. మీ మామగారి పంచెలు రెండు పట్టుకుని సాయంత్రానికి ఆస్పత్రికి రా. మద్దెల నేర్చుకునే పిల్లలొస్తే గురువుగారు ఊళ్లో లేరని చెప్పు. కుడిచెయ్యి పడిపోయిందని మాత్రం అనకు.

మద్దెలకి పూసే కరణి డబ్బాలో ఆయన బీపీ మాత్రలు దొరికాయి. పదకొండున్నాయి. డాక్టరుకి చూపించాలి, అవీ తీసుకురా.

పోయిన నెల మాత్ర మార్చాక గుండె కాగితం తీశారు కదా. ఆ గీతల మధ్య ఎడాన్ని మీ మామగారు గోటితో కొలిచారు. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. యాభై ఏళ్లు మద్దెల వాయించినవాడి గుండెకే తాళం తప్పించిందే ఈ మందు!" అన్నారు. డాక్టరు నవ్వాడు. "మౌసా, ఊపిరి పీలిస్తే కాస్త జోరు, వదిలితే కాస్త నిదానం. ఆపాటి తేడా ఉంటేనే గుండె బాగున్నట్టు. అది మందు చేసిన మేలే," అన్నాడు. ఆయన తలూపారు. ఆ తలూపడం ఒప్పుకోవడం కాదని నలభై ఏళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియొద్దూ? రోజూ నీళ్లగ్లాసు అందించాను, మింగారో లేదో చూడలేదు. మందు ఒక్కసారిగా మానేస్తే బీపీ ఊరుకుంటుందా?

ఇంకోటి. నిన్న మళ్లీ కాగితం తీశారు. గీతలన్నీ కొలిచి గీసినట్టు సమానంగా ఉన్నాయి. ఆయన కోరుకున్న తాళమే. డాక్టరు ఈసారి నవ్వలేదు.