పసుపు పీలికలు కట్టిన చెట్లు

ఉదయగిరి,
9 జూన్ 2025.

ప్రియమైన హెన్రీ అన్నకు, నీ చెల్లెలు సారా ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. ఆత్మకూరులో వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్‌లో చెబితే మాటమాటకీ అడ్డుపడతావు, అందుకే ఉత్తరం.

బత్తాయి మొక్కలు ఇప్పుడే తేవద్దు. కొండ మళ్లీ పచ్చబడుతుంది, దాని కింద నీ చేలో బావికి నీళ్లు తగ్గవు అని మొన్న నేను చెప్పింది తప్పు.

నా పని నీకు తెలుసు. పురుగు కొండమీద చెట్ల ఆకును ఎంత తిన్నది, ఎన్ని మళ్లీ చిగురించాయి అని కొన్ని చెట్లను గుర్తుపెట్టుకుని చూస్తాను. ఆ వివరాలు ఇస్తే, ముందు ముందు నీడ ఎంత మిగులుతుంది, నేల ఎంత కాలుతుంది, వాన నీళ్లు ఇంకుతాయా జారిపోతాయా అని కంప్యూటర్ అంచనా కడుతుంది. ఈ మధ్య కింది నుంచే దుర్భిణితో చూస్తున్నాను, నా చెట్లన్నీ దివ్యంగా చిగురించాయి. అంచనా కూడా అంత దివ్యంగానే వచ్చింది.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. నంబరు బిళ్లలను కోతులు పీకేస్తుంటే, దూరానికి కనిపిస్తాయని ఆ చెట్లకు పసుపు గుడ్డ పీలికలు కట్టాను. మనింట్లో ముడుపుల అలవాటు లేదు కదా, నాకు తట్టనే లేదు. నిన్న దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో చెట్టుకు చేతికందినంత మేరా ముడుపులే. కట్టెలకు వచ్చిన సుబ్బరత్నమ్మను అడిగితే, నువ్వే కదమ్మా మొదలుపెట్టినావు, మహిమ ఉండాదని మేమూ కట్టినాం, పురుగు కనపడితే ఏరేసినాం, బిందెడు నీళ్లు పోసినాం అని నన్నే మెచ్చుకున్నది. నవ్వొచ్చింది, వెంటనే తట్టింది, నా చెట్లు చిగురించింది వీళ్ల చేతి చలవ వల్లనే అని.

పీలికలు లేని చెట్లను చూసుకుంటూ పైదాకా పోయాను. పుల్లలు తప్ప ఏమీ లేవు. కింద బోదగడ్డి అప్పుడే లేచింది. ముడుపుల చెట్లను తీసేసి, ఈ చెట్లను లెక్కలో వేసి మళ్లీ అంచనా కట్టించాను. కొండ కోలుకోదని వచ్చింది అన్నా. చెట్ల చోట గడ్డే మిగులుతుంది, ఎండ ఇంకా ముదురుతుంది, నీ బావి వేసవికి నిలవదు. నాకు భయంగా ఉంది. కోపమొస్తే వచ్చి తిట్టిపో, మొక్కలు మాత్రం తేవద్దు.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
సారా

తా.క. ఆ ముడుపుల్లో ఒకటి తెల్లది, నీలం అంచుది. అమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే చీర చెంగు ముక్క. మోకాళ్లు పట్టేశాయని వీధి అరుగు దిగని మనిషి కొండెక్కింది. అడిగితే, చెట్లు బతికితేనే గదా పెద్దోడు తోట పెట్టుకునేది, అందుకే కట్టినా, పాస్టరుగారితో అనొద్దు అన్నది. ఆ చెట్టునూ లెక్కలోంచి తీసేశాను. గుడ్డ మాత్రం విప్పలేదు.