తూలే నడక

అమ్మకు,

నీ చిన్న కూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ అంతా క్షేమమే అని మొదటే రాసేస్తే మిగతాది తీరిగ్గా చదువుతావు కాబట్టి రాస్తున్నాను. అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

కొత్త డిపార్టుమెంటులో పని తేలికేనా అని అడిగావు. గుండె పరీక్షల గదిలో కంటే తేలికే, కూర్చుని చేసుకోవచ్చు. అసలు చేసేదేమిటో నీ బుర్రకెక్కలేదన్నావు, మళ్ళీ చెబుతాను. కరెంటు తీగకున్నట్టే మన నరాలకూ పైన ఒక తొడుగు ఉంటుంది, కొవ్వుతో తయారైంది. దానికి మధ్యమధ్య సందులు. మెదడు నుంచి వచ్చే కబురు నరం పొడుగునా పాకదు, ఒక సందు నుంచి ఇంకో సందుకు గెంతుకుంటూ పోతుంది. అందుకే అనుకున్నదే తడవు కాలు కదులుతుంది. తొడుగు పాడైతే గెంతడం కుదరదు, కబురు ఈడ్చుకుంటూ పోతుంది. మేం చర్మం మీద చిన్న షాకిచ్చి ఆ వేగం కొలుస్తాం.

వచ్చీరాగానే నా పరువు పోయింది. మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రోజూ నా చేతికే తగిలించుకునేదాన్ని. ఉండాల్సిన వేగంలో సగం కూడా రాలేదు. మెషిన్ పాడైందని గోల చేసి మెకానిక్కును పిలిపించాను. అతను తన చేతికి పెట్టుకుని చూశాడు, అంతా మామూలే.

"మెషిన్ శుభ్రంగా ఉంది మేడం. తేడా మీ చేతిలోనే ఉన్నట్టుంది" అన్నాడు.

డాక్టరుగారూ అదే మాట అన్నారు. పుట్టుకతో వచ్చే జబ్బట, తొడుగు సరిగ్గా తయారవదు. నాకిప్పటికి వేళ్ళు కాస్త మొద్దుబారడమే తప్ప ఏమీ లేదు, నువ్వు ఏడుపు లంకించుకోకు. ఇంట్లో ఇంకెవరికైనా కాళ్ళు సన్నబడి అడుగులు తడబడతాయా అని అడిగారు.

ఇది రాయడానికే ఇంతసేపు నాన్చాను. నాన్నను తీసుకెళ్ళి పరీక్ష చేశాను. నాకంటే చాలా తక్కువ వచ్చింది. ఎప్పుడో పెళ్ళిళ్ళలో ఒక గుక్క వేసేవాడు, కాదనను. కానీ తూలుతూ వచ్చాడని నువ్వు గుమ్మంలో నిలబెట్టి నోరు వాసన చూసి, వాసన లేకపోయినా నమ్మని రోజుల్లో ఆయన తాగలేదు. "ఈ తాగుబోతుతో నా వల్ల కాదు" అని నువ్వు అక్క దగ్గరికి వెళ్ళిపోయిన రోజున కూడా తాగలేదు. కాళ్ళకు కబురు సరిగ్గా అందేది కాదు, అంతే.

"ఇది తాగుడు కాదు నాన్నా, జబ్బు" అన్నాను. ఆయన వంగి సాక్సులు తొడుక్కున్నాడు.

"మీ అమ్మకు రాయకే. ఇన్నేళ్ళు తిట్టానే అని కుమిలిపోతుంది. తాగుబోతుననే అనుకోనీ" అన్నాడు.

నాకు ఆయన మీద జాలేసింది, నీ మీద కోపమొచ్చింది. కోపం తగ్గాకే కలం పట్టుకున్నాను. అక్కను కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమను.

నిన్ను రమ్మని నేను చెప్పను. వస్తే మాత్రం, తలుపు కొట్టాక కాసేపు ఆగు. లేచి రావడానికి ఆయనకు టైం పడుతుంది.

ఇట్లు,
మీ ఇద్దరి చిన్నమ్మాయి